పడకముందే పడగొట్టిన వంతెన

సముద్రం వైపు నుంచి తీసిన పాత సియాటిల్ ఫొటో ఏదన్నా దొరికితే ఒకసారి చూడండి. వెనక ఆకాశహర్మ్యాలు, ముందు నీళ్ళు, ఫెర్రీలు. రెంటికీ మధ్య, పెళ్ళి ఫొటోకి అడ్డంగా వచ్చి నిలబడ్డ వీడియోవాడిలా, ఒక పొడవాటి బూడిదరంగు గీత కనిపిస్తుంది. అదొక రెండంతస్తుల కాంక్రీటు వంతెన. పేరు అలాస్కన్ వే వయాడక్ట్. 1953లో తెరిచారు, 2019లో కొట్టేశారు.

వంతెనల గురించి సాధారణంగా మనం వినేది అవి కూలినప్పుడే. 2007 ఆగస్టు 1న మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన సాయంత్రం ట్రాఫిక్‌తో సహా మిసిసిపీ నదిలో పడింది. 13 మంది చనిపోయారు. ఆ వారమంతా టీవీల్లో అదే. సియాటిల్ వంతెనకి ఆ ‘అదృష్టం’ దక్కలేదు. ఎవరినీ మింగకుండా, మెల్లగా ముక్కలై పోయింది. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు. కానీ ఆ ఏమీ జరగకపోవడానికి ఒక ఊరికి పద్ధెనిమిదేళ్ళూ, 300 కోట్ల డాలర్లకి పైనా పట్టాయి. ఆ లెక్క ఎక్కడెక్కడ ఖర్చయిందో చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లో ఉండే మన జనాల్లో చాలామంది ఈ వంతెన ఎక్కి ఉండరు. మనకి ఐ-405, 520 బ్రిడ్జి, కాస్ట్‌కో, గుడి. అంతే కదా ప్రపంచం :) నేను 2004లో ఇక్కడికొచ్చిన కొత్తల్లో వెస్ట్ సియాటిల్‌లో అద్దెకున్నాను కాబట్టి రోజూ దాని మీంచే తిరిగాను. ఉత్తరానికి వెళ్ళే కార్లు పై అంతస్తులో, దక్షిణానికి వెళ్ళేవి కింది అంతస్తులో. పొద్దున్న పై అంతస్తులో వెళ్తుంటే ఎడమపక్క ఎలియట్ బే మొత్తం పరుచుకుని ఉండేది. మంచు లేని రోజైతే అవతల ఒలింపిక్ పర్వతాలు. వెయ్యి డాలర్ల డొక్కు కారున్నవాడికీ మిలియన్ డాలర్ల దృశ్యం ఫ్రీ. సాయంత్రం కింది అంతస్తులో ఇంటికి రావడం మాత్రం వేరే సినిమా. నెత్తిన కాంక్రీటు, పక్కన స్తంభాలు, ఇరుకు లేన్లు, షోల్డర్ అనేది దాదాపు లేదు. కారు ఆగిపోతే ఎక్కడ పెట్టుకోవాలో దేవుడికే తెలియాలి.

సరే, చరిత్రలోకి వద్దాం.

ఈ ఊరి సముద్రతీరం నిజానికి తీరమే కాదు. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ ఆటుపోట్ల బురద ఉండేది. దాని మీద గుంజలు పాతి, చెక్కలు పరిచి రైళ్ళు నడిపారు. రైల్‌రోడ్ ఎవెన్యూ అనేవాళ్ళు. తర్వాత్తర్వాత చేతికందిన మట్టీ, రంపప్పొట్టూ, చెత్తా వేసి పూడ్చారు. ఆ పూడిక సముద్రంలోకి జారకుండా 1930ల్లో ఒక గోడ పూర్తిచేశారు. ఆ గోడ వెనక ఆధారంగా ఉన్నది కూడా చాలా భాగం చెక్కే. గోడ అయ్యాక వీధికి అలాస్కన్ వే అని పేరు మార్చారు. అలాస్కా బంగారం వేటకి జనం ఓడలెక్కింది ఈ రేవు నుంచే కాబట్టి ఆ పేరు.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయింది. బోయింగ్ ఉద్యోగాలు, ఇంటింటికీ కారు. ఊరి మధ్య వీధుల్లో ట్రాఫిక్ కదలడంలేదు. ఇళ్ళు కొట్టకుండా, కొండలు తవ్వకుండా హైవే వేయడానికి ఖాళీగా కనిపించింది ఈ రేవు వీధి ఒక్కటే. అప్పట్లో అది సరుకులూ కూలీలూ తిరిగే చోటు, ఎవరూ షికారుకి పోయేది కాదు. దాని నెత్తిన వంతెన వేస్తే ఎవరికి నష్టం అనుకున్నారు. 1953 ఏప్రిల్ 4న మొదటి భాగం తెరిచారు. మరుసటేడు ఉత్తరం వైపు బ్యాటరీ స్ట్రీట్ సొరంగం కలిసింది. 1960ల్లో ఐ-5 పూర్తయ్యేదాకా ఊరు దాటడానికి ఇదే ప్రధాన మార్గం. రోజుకి లక్ష పైచిలుకు వాహనాలు దాని మీద తిరిగిన రోజులున్నాయి.

అప్పటి ఇంజనీర్లని తిట్టడం తేలిక, నాకా సరదా లేదు. వాళ్ళు ఆనాటి కోడ్ ప్రకారమే కట్టారు. ఆ కోడ్‌లో ఏం లేదన్నదే అసలు సమస్య.

ఊళ్ళో ఇల్లు కట్టించినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పిల్లరుకి నిలువు రాడ్లు ఎంత ముఖ్యమో, వాటి చుట్టూ కట్టే రింగులూ అంతే ముఖ్యం. మేస్త్రీ రింగుకీ రింగుకీ మధ్య దూరం పెంచేసి ఎక్కడ ఇనుము మిగుల్చుకుంటాడోనని ఇంటాయన టేపు పట్టుకుని తిరిగేది అందుకే. మామూలు రోజుల్లో బరువు మోసేది కాంక్రీటూ, నిలువు రాడ్లూ. భూకంపం వచ్చి పిల్లరు అటూ ఇటూ ఊగినప్పుడు పైపెచ్చులు రాలిపోతాయి. అప్పుడు లోపలి కాంక్రీటు చెదిరిపోకుండా, రాడ్లు బయటికి బుడ్డలా ఉబ్బకుండా పట్టుకునేవి ఈ రింగులే. రింగులు దగ్గరదగ్గరగా ఉంటే పిల్లరు వంగుతుంది గానీ విరగదు. దూరందూరంగా ఉంటే ఒక్కసారిగా పొడైపోతుంది. ఈ జ్ఞానం అమెరికన్ కోడ్‌లలో గట్టిగా చేరింది 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత. 1953 వంతెనకి ఆ భాగ్యం లేదు. పైగా అది నిలబడింది పూడిక మట్టి మీద. నీళ్ళు నిండిన వదులు ఇసుకని బలంగా ఊపితే అది కాసేపు ద్రవంలా మారిపోతుంది. వైజాగ్ బీచ్‌లో అల వెనక్కి పోయేటప్పుడు నిలబడి కాళ్ళు ఆడిస్తే చీలమండ దాకా దిగబడిపోతామే, కాస్త అలాంటిదే. ఆ దిగబడేది మనిషి కాకుండా రెండంతస్తుల హైవే అయితే?

అలా అయితే ఏమవుతుందో చూపించింది ఆక్లండ్. బే ఏరియా మిత్రులకి ఈ కథ తెలిసే ఉంటుంది. అక్కడ 1957లో కట్టిన సైప్రస్ స్ట్రీట్ వయాడక్ట్ ఇదే జాతి: రెండంతస్తులు, పాతకాలపు రింగులు, చాలాచోట్ల కింద మెత్తటి బురద నేల. 1989 అక్టోబర్ 17, సాయంత్రం 5 గంటల 4 నిమిషాలు. లోమా ప్రియెటా భూకంపం. పై అంతస్తు మైలుకి పైగా పొడవున కింది అంతస్తు మీద పడింది. 42 మంది అక్కడే చనిపోయారు. ఆ రోజు శాన్ ఫ్రాన్సిస్కో, ఆక్లండ్ జట్ల మధ్యే బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆట ఉండటంతో జనం ముందే టీవీల ముందుకి చేరారనీ, లేకపోతే ఆ వేళకి రోడ్డు నిండా కార్లుండేవనీ అంటారు. ఇంకో సంగతి. బురద మీదున్న భాగం కూలింది, గట్టి ఇసుక నేల మీదున్న భాగం నిలబడింది. ఒకే డిజైను, ఒకే భూకంపం.

సియాటిల్ ఇంజనీర్లకి ఆ ఫొటోలు చూశాక నిద్ర పట్టి ఉండదు. 1990ల్లో వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్ళు తమ ఊరి వంతెనని పరిశీలించి, నేలా స్తంభాలూ రెండూ అనుమానమేనని రాశారు. రిపోర్టు వచ్చింది. బీరువాలోకి వెళ్ళింది. మనం మాత్రం తక్కువ తిన్నామా? ప్రతి ఆఫీసులోనూ ‘ఈ సర్వర్ పోతే అంతే సంగతులు’ అని ఎవరో ఒకరు పంపిన ఈమెయిలు ఒకటుంటుంది. సర్వర్ పోయేదాకా దానికి రిప్లై రాదు.

2001 ఫిబ్రవరి 28, పొద్దున్న 10:54కి రిప్లై వచ్చింది. నిస్క్వాలీ భూకంపం, తీవ్రత 6.8. భూమిలోపల యాభై కిలోమీటర్ల లోతున పుట్టడంతో పైన దెబ్బ కాస్త తగ్గింది. వంతెన ఊగింది, పగుళ్ళిచ్చింది, కొన్నిచోట్ల కుంగింది, కానీ పడలేదు. ఇంకొన్ని సెకన్లు ఊగి ఉంటే పడేదేనన్న మాట అప్పటినుంచీ సియాటిల్‌లో అందరి నోటా ఉంది. మూసి, పరీక్షించి, ఇనుప పట్టీలతో కట్లు కట్టి మళ్ళీ తెరిచారు. పక్కనున్న సముద్రపు గోడని తవ్వి చూస్తే చెక్కలని గ్రిబుల్స్ అనే బుల్లి జీవులు తినేస్తున్నాయని తేలింది. సముద్రపు చెదలు అనుకోండి. అంటే పైన వంతెన స్తంభాల్లో రింగులు లేవు, కింద మట్టి గట్టిది కాదు, ఆ మట్టిని ఆపే గోడని పురుగులు తింటున్నాయి. మూడు లేయర్లూ బగ్గులే.

మార్చాలన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఏం పెట్టి మార్చాలన్నదే గొడవ. నా దృష్టిలో ఈ కథంతటికీ ఇదే గుండెకాయ. సేఫ్టీ అన్న మాట అందరూ వాడారు, కానీ ఎవరి సేఫ్టీ అన్నదానికి ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు. వెస్ట్ సియాటిల్, బాలర్డ్‌ల నుంచి వచ్చే కార్లవాళ్ళకీ, రేవు లారీలకీ కావలసింది అలాంటిదే ఇంకో గట్టి వంతెన. మాకు దారి ఉంటే చాలన్నారు. డౌన్‌టౌన్ వ్యాపారులకీ, అప్పటి మేయర్ గ్రెగ్ నికెల్స్‌కీ కావలసింది రేవు వెంట తవ్వి కప్పెట్టే సొరంగం. ఊరికి సముద్రం తిరిగి దక్కాలన్నారు. ఇంకో వర్గం అసలు హైవేనే వద్దు, మామూలు వీధి వేసి బస్సులు పెంచండి, కార్లు అవే సర్దుకుంటాయంది. ఆ వర్గాన్ని అప్పట్లో చాలామంది పిచ్చివాళ్ళని చూసినట్టు చూశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

2007 మార్చిలో ఓటింగ్ పెట్టారు. సొరంగం కావాలా? దాదాపు 70 శాతం వద్దన్నారు. కొత్త వంతెన కావాలా? దానికీ సగం మందికి పైగా వద్దనే అన్నారు. అన్నం వద్దు, చపాతీ వద్దు, ఆకలి మాత్రం ఉంది! మరుసటేడు గవర్నర్ క్రిస్టీన్ గ్రెగోయిర్ గారు ఏదేమైనా 2012కల్లా దాన్ని పడగొట్టి తీరుతామన్నారు. 2009 జనవరిలో గవర్నరూ, కౌంటీ పెద్దా, మేయరూ కలిసి నాలుగోదారి ప్రకటించారు. పైన వీధులు తవ్వకుండా, ఊరి కింద లోతుగా యంత్రంతో తొలిచే సొరంగం. ఆ ఏడే రవాణా శాఖవాళ్ళ కంప్యూటర్ సిమ్యులేషన్ వీడియో ఒకటి బయటికొచ్చింది. పెద్ద భూకంపంలో ఈ వంతెన ఎలా కూలుతుందో అందులో చూపించారు. నేను రోజూ తిరిగే చోటు కార్టూన్‌లో కూలుతుంటే చూడటం... ఏం చెప్పమంటారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ దాని మీంచే ఆఫీసుకెళ్ళాను. లక్షమందీ అదే చేశారు.

ఇక్కడ పాదచారుల గురించి చెప్పాలి. ఎందుకంటే పైన చెప్పిన వాదోపవాదాల్లో అందరికంటే తక్కువ వినబడింది వాళ్ళ గొంతే.

2006లో అమ్మా నాన్నా వచ్చినప్పుడు పైక్ ప్లేస్ మార్కెట్ చూపించి, అక్కడ్నుంచి మెట్లు దిగి సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాను. దిగ్గానే వంతెన కింద తేలతాం. చీకటి, పార్కింగ్, తడి వాసన, పైనుంచి హోరు. స్తంభాల మాటునుంచి ఏ కారు వస్తుందో తెలీదు. పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. “ఒరేయ్, విమానమెక్కి ఇంత దూరమొస్తే ఇక్కడా ఖైరతాబాద్ బ్రిడ్జేనా?” అంది అమ్మ. నాన్న మాట్లాడలేదు. రిటైరయ్యేదాకా సిమెంటు పనులు చేయించిన మనిషి, ఒక స్తంభానికి వేసిన ఇనుప కట్టుని చేత్తో తడిమి, “దీనికి కట్టు కట్టారంటే విరిగిందనేగా అర్థం? మరి పైన బళ్ళెందుకు పోతున్నాయి?” అన్నాడు. నా దగ్గర ఉన్న సమాధానం “ఓటింగ్ పెడతారట నాన్నా” అన్నదొక్కటే.

పైన కార్లలో ఉన్నవాడు ఆ వంతెన మీద రెండు మూడు నిమిషాలుంటాడు. కిందివాడు అక్కడే బతుకుతాడు. దుకాణాలవాళ్ళు, ఫెర్రీ దిగి ఆఫీసులకి నడిచేవాళ్ళు, ఇల్లు లేక ఆ నీడలో పడుకునేవాళ్ళు. వంతెన పడితే పైవాడితో బాటు పోయేది వీళ్ళే. ట్రాఫిక్ లెక్కల్లో వాహనాలకే అంకె ఉంటుంది, వీళ్ళకి ఉండదు.

2011లో పాత వంతెన రెండు చివర్లా గేట్లు పెట్టారు. భూకంపం పసిగట్టే సెన్సర్లకి వాటిని కలిపారు. నేల ఓ మోస్తరుగా ఊగగానే గేట్లు దిగి కొత్త కార్లు ఎక్కకుండా ఆపుతాయి, పైన ఉన్నవాళ్ళు దిగిపోతారు. మన భాషలో సర్క్యూట్ బ్రేకర్. కట్టిన ఇంజనీర్ల తెలివిని మెచ్చుకోవాల్సిందే. ఆ గేటు వల్ల మేలు పైనున్న కార్లకే అన్నది కూడా నిజమే. కింద నడిచేవాడికి ఏ గేటూ లేదు. అదే సంవత్సరం ఆగస్టులో సొరంగం మీద మళ్ళీ ఓటు పెడితే ఈసారి 58 శాతం దాకా సరేనన్నారు. అక్టోబర్‌లో దక్షిణపు చివర మైలు పొడవున పాత వంతెనని తొమ్మిది రోజుల మూతలో కొట్టేసి, ట్రాఫిక్‌ని పక్కకి మళ్ళించారు.

ఇక బెర్తా. తవ్వే యంత్రానికి ఆ పేరు సియాటిల్ మొదటి మహిళా మేయర్ బెర్తా నైట్ లాండెస్ మీదుగా పెట్టారు. జపాన్‌లో హిటాచి జోసెన్ చేసింది. వ్యాసం పదిహేడున్నర మీటర్లు, అంటే ఐదంతస్తుల మేడంత నోరు. అప్పటికి ప్రపంచంలో అంత పెద్దది లేదు. 2013 జూలైలో తవ్వడం మొదలెట్టింది. డిసెంబర్ 6న, సుమారు వెయ్యి అడుగులు పోయాక, వేడెక్కి ఆగిపోయింది. దాని దారిలో ఎనిమిది అంగుళాల ఇనుప గొట్టం ఒకటి దొరికింది. ఎవరిదా అని చూస్తే, 2002లో ఈ వంతెన మార్పిడి కోసమే భూగర్భజలాలు పరీక్షించడానికి రవాణా శాఖవాళ్ళు దింపిన బావి గొట్టం! టెస్టింగ్ కోసం పెట్టిన ఫైలు తీయడం మర్చిపోయి పదకొండేళ్ళ తర్వాత ప్రొడక్షన్‌లో దానికే గుద్దుకున్నట్టు. యంత్రం పాడైంది ఆ గొట్టం వల్లే అని కాంట్రాక్టర్, కాదు మీ యంత్రంలోనే లోపం అని రాష్ట్రం. 2019 డిసెంబర్‌లో జ్యూరీ రాష్ట్రం పక్షాన తీర్పిచ్చి, కాంట్రాక్టర్లు 5.7 కోట్ల డాలర్లు కట్టాలంది.

యంత్రాన్ని బాగుచేయాలంటే దాని ముందు 120 అడుగుల గొయ్యి తవ్వి తలకాయ పైకి తీయాలి. గొయ్యి పొడిగా ఉండాలంటే చుట్టూ నేలలోంచి నీళ్ళు తోడాలి. తోడితే ఏమైంది? 2014 చివర్లో చుట్టుపక్కల నేల కుంగింది, దాంతోబాటు పాత వంతెన కూడా అంగుళం పైన దిగింది. వంతెనని కాపాడటానికి మొదలెట్టిన పనే వంతెనని కుంగదీస్తోంది! ఆ రోజుల్లో రోజూ దాని మీద వెళ్ళేవాళ్ళు వార్తలు చదవడం మానేసి సంగీతం వినడం మొదలుపెట్టారు. రెండేళ్ళు అలా పోయాక 2015 డిసెంబర్ చివర్లో బెర్తా మళ్ళీ కదిలింది. 2016 వసంతంలో సరిగ్గా వంతెన స్తంభాల కిందుగా వెళ్ళాల్సొచ్చినప్పుడు ముందుజాగ్రత్తగా పైన ట్రాఫిక్ ఆపారు. ఏ గొడవా లేకుండా పదిరోజుల లోపే దాటేసింది. 2017 ఏప్రిల్ 4న అవతల తేలింది. 1953లో పాత వంతెన తెరిచిందీ ఏప్రిల్ 4నే. కావాలని చేసింది కాదు, నాకు ముహూర్తాల మీద నమ్మకమూ లేదు. కానీ భలే కుదిరింది.

అసలు కట్ఓవర్ 2019 జనవరిలో. 11వ తేదీ రాత్రి పాత వంతెన మూశారు, ఫిబ్రవరి 4న సొరంగం తెరిచారు. మధ్యలో మూడు వారాలు రెండూ లేవు, ఎందుకంటే కొత్త ర్యాంపులు పాతవాటి చోటులోనే కలపాలి. ఊరంతా భయం. రోజుకి 90 వేల వాహనాలు ఎక్కడికి పోతాయి? పత్రికలు ప్రళయం అన్నాయి. ఆఫీసుల్లో ఇంటినుంచే పనిచేయమన్నారు. మరి ప్రళయం వచ్చిందా? రాలేదు. జనం కొందరు ముందు బయల్దేరారు, కొందరు వాటర్ టాక్సీ ఎక్కారు, కొందరు సైకిలెక్కారు, కొందరు మానేశారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే, హైవేనే వద్దన్న వర్గం, వాళ్ళు ఆ మూడు వారాలూ ఎంత గర్వంగా తిరిగారో! వాళ్ళ మాట పూర్తిగా నెగ్గిందని నేననను. మూడు వారాలు ఓర్చుకోవడం వేరు, ముప్ఫై ఏళ్ళు వేరు. కానీ 2001లోనే ఆ వంతెనని మూసేసి ఉంటే ఊరు స్తంభించేది అని పద్ధెనిమిదేళ్ళు చెప్పిన వాదం మాత్రం ఆ మూడు వారాల్లో బాగా పలచబడింది. ఆ వాదం పేరు చెప్పే లక్షమందిని రోజూ దాని మీదకి ఎక్కించారు.

సొరంగం డ్రైవర్లకి మంచిదే. దాన్ని చాలా అరుదుగా వచ్చే భారీ భూకంపాన్ని కూడా తట్టుకునేలా కట్టారు. షోల్డర్ ఉంది, ప్రతి 650 అడుగులకీ అత్యవసరంగా బయటపడే తలుపుంది, పొగ లాగే ఫ్యాన్లున్నాయి. ఇక్కడ దక్షిణానికి వెళ్ళేవాళ్ళు పైన, ఉత్తరానికి వెళ్ళేవాళ్ళు కింద, పాతదానికి తిరగేసి. డౌన్‌టౌన్‌లో దిగే దారి లేదు, 2019 నవంబర్ నుంచి టోల్ ఉంది. ఎలియట్ బే మాత్రం కనపడదు. డొక్కు కారువాడి ఫ్రీ దృశ్యం ఇప్పుడు తీరం వెంట అపార్టుమెంట్లవాళ్ళకి దక్కింది. అందుకే కాబోలు, చుట్టుపక్కల ఆస్తులున్నవాళ్ళ దగ్గర 16 కోట్ల డాలర్లు తీరం బాగుకోసమని ప్రత్యేకంగా వసూలు చేశారు. కొంచెం న్యాయంగానే అనిపించింది నాకు.

వంతెన కూల్చడం ఆ ఏడాది నవంబర్‌లో అయిపోయింది. ఆ శిథిలాలనే తీసుకెళ్ళి 1954 నాటి బ్యాటరీ స్ట్రీట్ సొరంగంలో కూరి మూసేశారు. పాతది పాతదానిలోకే.

సరిగ్గా అదే నెలలో, 23వ తేదీన, మన హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర తెరిచి మూడు వారాలైనా కాని కొత్త ఫ్లైఓవర్ వంపులోంచి ఒక కారు ఎగిరి కింద పడింది. పరిమితికి రెట్టింపు పైన వేగం. కింద రోడ్డు పక్కన నిలబడ్డ మహిళ చనిపోయింది. కొత్తదీ, గట్టిదీ, కోడ్ ప్రకారం కట్టిందీ. దాని మీదనుంచి కాక, కింద ఉన్నందుకు ఒకరు పోయారు. ఫ్లైఓవర్ కొన్నాళ్ళు మూసి, జాగ్రత్తలు పెంచి మళ్ళీ తెరిచారు. ఈ రెండు వార్తలూ ఒకే నెలలో చదివినప్పటినుంచీ, వంతెనల గురించి ఎవరేం చెప్పినా ముందుగా ‘కింద ఏముంటుంది?’ అని అడగడం అలవాటైంది నాకు.

మరి సియాటిల్‌లో ఇప్పుడు కింద ఏముంది? సముద్రపు గోడ కొత్తది కట్టారు. దాని పక్క నడిచే దారిలో గాజు పలకలు పొదిగారు. ఎందుకంటే పిల్ల సాల్మన్ చేపలు చీకటి నీడలోకి ఈదడానికి భయపడతాయట, వాటికోసం వెలుతురు కిందికి దిగాలి. అరవై ఏళ్ళు మనుషుల్ని చీకట్లో నడిపించిన చోట ఇప్పుడు చేపలకీ వెలుతురే. 2024 అక్టోబర్‌లో పైక్ ప్లేస్ మార్కెట్ నుంచి నీళ్ళ దాకా మెట్లూ, వాలుదారులతో ఓవర్‌లుక్ వాక్ తెరిచారు. అక్కడ నిలబడితే ఒకప్పుడు కారు కిటికీలోంచి నిమిషం సేపు కనపడ్డ దృశ్యమే, ఎంతసేపైనా చూసుకోవచ్చు. ఎవరూ హారన్ కొట్టరు. పక్కవాళ్ళ మాట మామూలు గొంతులోనే వినబడుతుంది. ఇంత మంచిగా చేస్తారని నేననుకోలేదు, ఒప్పుకుంటున్నాను.

అయితే ఫెర్రీ రేవు దగ్గరికి దక్షిణంగా నడవండి. సొరంగంలో దిగే దారి లేదు కాబట్టి డౌన్‌టౌన్‌కి వచ్చే కార్లన్నీ కింది వీధి మీదకే వచ్చాయి. వాటికి తోడు వెస్ట్ సియాటిల్ బస్సులకి లేన్లు, ఫెర్రీ ఎక్కే కార్ల క్యూకి లేన్లు. మొత్తం కలిపి కొత్త అలాస్కన్ వే అక్కడ ఎనిమిది లేన్ల దాకా వెడల్పుంటుంది. ఫెర్రీ దిగేవాళ్ళ కోసం 2023లో మేరియన్ స్ట్రీట్ దగ్గర కొత్త కాలిబాట వంతెన కట్టారు, అది ఎక్కితే ఇబ్బంది లేదు. ఎక్కకుండా కిందే దాటాలనుకుంటే, ముసలివాళ్ళో చంటిపిల్లలో కూడా ఉంటే, తెల్ల మనిషి బొమ్మ వెలగ్గానే అడుగు వేయాలి. మధ్యలో ఫోన్ చూసుకోకండి.